జముకుకీ, గొంతుకీ, హార్మోనియంకీ కలిపి ఏ మైకు తీసుకోవాలి? 25 వేల లోపు

గుణుపురం_కుర్రోడు:

నమస్తే అందరికీ. మాది గుణుపురం. మా మావయ్యది జముకుల కథ బృందం (జముకు అంటే ఒక పక్క తోలు, లోపల తీగ ఉండే వాయిద్యం, అది మోగిస్తూ కథ చెప్తారు), ఇటు మన వైపు ఊళ్ళలోనూ అటు పాతపట్నం వైపూ పండగలకి పిలుస్తుంటారు. వాళ్ళ కథలు సరిగ్గా రికార్డు చేసినవి ఒక్కటీ లేవు. ఉన్నవన్నీ జనంలో ఎవరో ఫోన్లో తీసినవి, కథ కంటే జనరేటర్ చప్పుడే ఎక్కువ వినిపిస్తుంది. మా మేడ మీద గది ఒకటి ఖాళీగా ఉంది కదా, అక్కడ నిలబెట్టి శుభ్రంగా రికార్డు చేద్దామనుకుంటున్నాను. ఈ సంగతి తెలిసి రామమందిరం భజన వాళ్ళు కూడా మావీ ఓ నాలుగు కీర్తనలు చేసిపెట్టు బాబూ అంటున్నారు. వాళ్ళవి హార్మోనియం, ఢోలక్, తాళాలు.

నా దగ్గర లాప్‌టాప్ ఉంది, సెకండ్ హ్యాండ్‌లో కొన్న ఫోకస్‌రైట్ స్కార్లెట్ 2ఐ2 (మైకుల్ని లాప్‌టాప్‌కి కలిపే ఇంటర్‌ఫేస్) ఉంది, మూడో జనరేషన్ది. ఆన్‌లైన్‌లో కొన్న పేరు లేని చవక కండెన్సర్ మైకు (కరెంటు అందిస్తేనే పనిచేసే సున్నితమైన రకం) కూడా ఒకటి ఉంది గానీ దాంతో ఏం తీసినా వెనకాల ఒకటే హోరు, జముకు గట్టిగా మోగించగానే బరబరమంటుంది.

బడ్జెట్ 25 వేలు, స్టాండులూ వైర్లూ అన్నీ కలుపుకుని. ఒక్క మంచి మైకు కొని అన్నిటికీ అదే వాడుకోనా, రెండు మామూలువి తీసుకోనా? యూట్యూబ్‌లో ఒకాయన షూర్ కంపెనీ ఎస్‌ఎం7బీ మైకు తప్ప మిగతావి దండగ అంటాడు, ఇంకొకాయన రోడ్ కంపెనీ ఎన్‌టీ1 అంటాడు, వినీవినీ బుర్ర తిరిగిపోతోంది. గది 10 అడుగులకి 12, పైన స్లాబు, నేల టైల్స్, రోడ్డు వైపు పెద్ద కిటికీ. చప్పట్లు కొడితే గది మోగుతుంది.


జయపురం_సౌండు:

గురూ, నేను స్టేజీలకి సౌండ్ పెట్టేవాణ్ణి, కోరాపుట్ పరబ్ ఉత్సవానికి కూడా పనిచేశాను. ధింసా నాట్యం వాళ్ళ డోలుకీ, తమకకీ, మొహరికీ అన్నిటికీ మైకులు పెట్టిన అనుభవంతో చెప్తున్నాను, కండెన్సర్ జోలికి పోకు. రోడ్డు పక్క గది అంటున్నావు. ఆటో హారన్ దగ్గర్నుంచి పక్కింటి కుక్క దాకా అన్నీ లాగేసుకుంటుంది.

షూర్ వాళ్ళ డైనమిక్ మైకులు ఎస్‌ఎం57 ఒకటి, ఎస్‌ఎం58 ఒకటి తీసుకో, పని అయిపోయింది. స్టేజీ మైకులు స్టూడియోకి పనికిరావని ఎవరైనా అంటే నమ్మకు. ఎస్‌ఎం అంటేనే స్టూడియో మైక్రోఫోన్. 57 వచ్చింది 1965లో, 58 ఆ మరుసటి ఏడాది, రెండిట్లోనూ లోపల ఒకే జాతి క్యాప్స్యూల్ (శబ్దం పట్టుకునే భాగం), పైన జాలీయే తేడా. కింద పడినా ఏమీ కాదు, ఫాంటమ్ పవర్ (ఇంటర్‌ఫేస్ నుంచి మైకుకి పంపే కరెంటు) అక్కర్లేదు, నీ మనవడి దాకా పనిచేస్తాయి. ఆ ఎస్‌ఎం7బీ గొడవ వదిలెయ్. దానికి కనీసం 60 డెసిబెల్స్ గెయిన్ (మైకు శబ్దాన్ని పెంచే బలం) కావాలని కంపెనీ వాళ్ళే చెప్తారు, నీ 2ఐ2 ఇచ్చేది 56. బడ్జెట్ అంతా దానికే పోయాక మళ్ళీ గెయిన్ కోసం బూస్టర్ డబ్బా ఒకటి కొనాలి.


బరంపురం_మిక్సింగు:

జయపురం అన్న ఎస్‌ఎం7బీ గురించి చెప్పింది నూటికి నూరు నిజం. కండెన్సర్ గురించి చెప్పింది మాత్రం ఒప్పుకోను, స్టేజీ అలవాటుతో అంటున్నారు అది.

కండెన్సర్‌కి దూరపు శబ్దాలు లాక్కునే శక్తి ఏమీ లేదు తమ్ముడూ. ఒకే చోట, నోటికి ఒకే దూరంలో, ఒక కార్డియాయిడ్ (ముందు వైపు శబ్దాన్నే ఎక్కువగా పట్టే) డైనమిక్‌నీ ఒక కార్డియాయిడ్ కండెన్సర్‌నీ పెట్టు. రెండిట్లోనూ గొంతు ఒకే ఎత్తులో వచ్చేలా గెయిన్ సరిచేసి విను. కుక్క అరుపు రెండిట్లోనూ దాదాపు ఒకేలా ఉంటుంది. కండెన్సర్‌లో పై ఫ్రీక్వెన్సీలు బాగా వస్తాయి కాబట్టి అరుపు కొంచెం స్పష్టంగా వినపడుతుంది, అంతే. మరి తేడా ఎక్కణ్ణుంచి వచ్చింది? దూరం నుంచి. 58ని జనం పెదాలకి ఆనించి పాడతారు, కండెన్సర్‌ని జానెడు దూరంలో పెడతారు. దూరం రెట్టింపయినప్పుడల్లా గొంతు 6 డెసిబెల్స్ తగ్గుతుంది, గదిలో తిరిగే ప్రతిధ్వనీ రోడ్డు చప్పుడూ మాత్రం ఉన్న చోటే ఉంటాయి. 2 అంగుళాల నుంచి 8 అంగుళాలకి వెళ్తే రెండు రెట్టింపులు, అంటే 12 డెసిబెల్స్ పోయినట్టే. తప్పు దూరానిది, తిట్లు కండెన్సర్‌కి.

అలాగని అన్నిటికీ పెదాలకి ఆనించేస్తే కుదరదు. కార్డియాయిడ్ మైకుకి ఎంత దగ్గరైతే అంత బేస్ పెరుగుతుంది. రేడియో అనౌన్సర్‌కి అది అందం, కీచుగొంతుతో కథ చెప్పేవాడికి మాత్రం ఒక వాక్యం డప్పులా, ఒక వాక్యం పీలగా వినిపిస్తుంది.

ఇక నువ్వు అడిగిన రోడ్ ఎన్‌టీ1 సంగతి. దాని సెల్ఫ్ నాయిస్ (మైకు తానే పుట్టించే హోరు) 4 డెసిబెల్స్, చాలా గొప్ప అంకె. ఆడియో టెక్నికా కంపెనీ కండెన్సర్లలో ఏటీ2035కి 12, ఏటీ2020కి 20. కాగితం మీద చూస్తే ఏటీ2020 దండగ అనిపిస్తుంది. కానీ నీ గదిలో అర్ధరాత్రి తలుపులన్నీ మూసినా 30 చుట్టూ ఉంటుంది, పైగా నువ్వు రికార్డు చేసేది జముకూ, ఢోలకూ, గొంతెత్తి పాడే మనుషులు. ఆ 4కీ 20కీ తేడా నీకు ఎప్పటికీ వినపడదు. తంబురాని ఒంటరిగా రికార్డు చేసేవాడూ, మెల్లిగా మాట్లాడే పుస్తకాల రికార్డింగు చేసేవాడూ దానికి డబ్బు పెట్టాలి, నువ్వు కాదు.

ముందు గది సంగతి చూడు. కోడిగుడ్ల అట్టలు గోడకి అంటించకు, వాటితో వచ్చేదేం లేదు, అవి పట్టుకునేది కాస్త పై ఫ్రీక్వెన్సీల్నే, గదిలో బొంయ్‌మని మోగేది అలాగే ఉంటుంది. ఇంట్లో బొంతలూ దూది పరుపులూ ఉంటాయి కదా, పాడేవాడి వెనక గోడకి వేలాడదియ్. చాలామంది మైకు వెనక కడతారు. కార్డియాయిడ్ మైకు చూసేది పాడేవాడి వైపు, అంటే అతని వెనక గోడ నుంచి తిరిగొచ్చే శబ్దాన్నే బాగా పట్టుకుంటుంది. గోడకి బెత్తెడు ఎడం ఉండేలా వేలాడదీస్తే ఇంకా మంచిది. టైల్స్ మీద జంపఖానా పరువు. కిటికీకి ఇంకో పరుపు అడ్డం పెట్టు.

నీ పాత మైకు హోరు గురించి ఒక అనుమానం. వైరు రెండు పక్కలా ఎక్స్‌ఎల్‌ఆరేనా (మూడు పిన్నుల మైకు ప్లగ్గు)? 48వీ బటన్ (ఫాంటమ్ పవర్‌ది) నొక్కావా? నొక్కినా హోరు ఉంటే దాన్ని వదిలెయ్. బరబర మాత్రం చాలావరకు గెయిన్ ఎక్కువై వచ్చేదే, 2ఐ2లో గుబ్బ చుట్టూ ఉన్న లైటు ఎర్రగా వెలిగితే ఇంకేం చూడక్కర్లేదు.


గుణుపురం_కుర్రోడు:

అన్నయ్యా, చాలా థాంక్స్, ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు. వైరు రెండు పక్కలా ఎక్స్‌ఎల్‌ఆరే, 48వీ ఆన్‌లోనే ఉంది, గెయిన్ తగ్గించినా హోరు తగ్గట్లేదు. ఇంకో సంగతి, లాప్‌టాప్ చార్జర్ పెట్టినప్పుడు అడుగున గుయ్‌మని ఒక మోత వస్తోంది, అది మైకుదేనా?

ఇంతకుముందు చెప్పలేదు గానీ మా మావయ్య కథ చెప్తూ ఒక చోట నిలబడడు. ముందుకీ వెనక్కీ అడుగులు వేస్తాడు, కాళ్ళకి గజ్జెలు ఉంటాయి. పక్కన ఇద్దరు వంత, వాళ్ళలో ఒకాయన జముకు. ఒక్కొక్కరిని విడివిడిగా రికార్డు చేసి తర్వాత కలపమని మా ఫ్రెండ్ అంటున్నాడు, అది కుదురుతుందా?


సిరోంచ_డప్పు:

తమ్మీ, మాది గడ్చిరోలి జిల్లా సిరోంచ, ప్రాణహిత దాటితే కాళేశ్వరం. ఇక్కడ డప్పు మేళాలూ, గోండుల డోలు పాటలూ ఊళ్ళల్లకే వెళ్ళి రికార్డు చేస్తుంటాను, అందుకే నీ ప్రశ్న చూసి ఆగలేకపోయాను.

ముందు మీ ఫ్రెండ్ మాట పక్కన పెట్టు. విడివిడిగా చేసి కలపడం సినిమా పాటకి, క్లిక్కు (తాళం లెక్కపెట్టే టకటక) చెవిలో పెట్టుకుని పాడేవాళ్ళకి. కథ చెప్పేవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ వేగం పెంచుతారు, తగ్గిస్తారు, వంత వాడు హా అన్నాకే కథకుడికి తరువాతి మాట వస్తుంది. హెడ్‌ఫోన్ పెట్టి ఒంటరిగా నిలబెడితే నీ మావయ్య పాఠం అప్పజెప్పినట్టు చెప్తాడు. అందరినీ ఒకేసారి తీయాల్సిందే.

నీకు ఇన్‌పుట్లు రెండే కదా. అయితే ఇట్ల చెయ్. కథకుడూ జముకు ఆయనా ఎదురెదురుగా, మధ్యలో 5 అడుగులు ఉండేలా నిలబడాలి. ఒక్కొక్కరికి అడుగు దూరంలో ఒక మైకు. అప్పుడు రెండు మైకుల మధ్య 3 అడుగులు మిగులుతుంది. మనిషికి మైకు ఎంత దూరమో, మైకుకి మైకు దానికి మూడింతలు ఉండాలనేది పాత లెక్క, అట్లుంటే రెండు మైకుల్లో ఒకే శబ్దం ముందూ వెనకా పడి పీలగా అయ్యే గొడవ చాలావరకు తప్పుతుంది. ఇంకో లాభం, కార్డియాయిడ్ మైకుకి వీపు చెవిటిది. ఎదురెదురుగా పెట్టినప్పుడు ప్రతి మైకు వీపూ అవతలి మనిషి వైపే ఉంటుంది కాబట్టి జముకు మైకులో గొంతు తక్కువ, గొంతు మైకులో జముకు తక్కువ. వాళ్ళు ఒకరినొకరు చూసుకుంటూనే ఉంటారు. రెండో వంత ఆయన్ని జముకు ఆయన పక్కనే నిలబెట్టు, ఆ మైకులోనే వస్తాడు. రోడ్డు కిటికీ ఈ వరసకి పక్కన పడేలా చూసుకో, ఎదురుగా పడితే ఏదో ఒక మైకు నేరుగా రోడ్డునే చూస్తుంది.

జముకు దగ్గర మైకు ఎటు పెట్టాలంటే, తోలు వైపు ఒక ధ్వని, తీగ బయటికొచ్చే తెరిచిన మూతి వైపు ఒక ధ్వని. తోలు వైపు గుండ్రంగా వస్తుంది, మూతి వైపు తీగ గీరుడు కూడా వస్తుంది. మా వైపు జమిడికకి (జముకు లాంటిదే) నేను మూతికి కొంచెం ఏటవాలుగా పెడతాను, తీగ లాగి వదిలినప్పుడు సాగే ఆ ధ్వని అక్కడే బాగుంటుంది. నీకు తోలు వైపే నచ్చొచ్చు, విని చూసుకో.

గజ్జెలు ఆపమని మాత్రం అనకు. కొంతమంది స్టూడియో వాళ్ళు గజ్జెలు విప్పించి రికార్డు చేస్తారు, నాకు ఒళ్ళు మండుతుంది. అది కూడా తాళమే. జంపఖానా మీద మరీ మెత్తగా పోతుందంటే కథకుడి కాళ్ళ కింద చెక్క పలక ఒకటి వెయ్.


బరంపురం_మిక్సింగు:

సిరోంచ అన్నా, ఆ ఎదురెదురు ఏర్పాటు బ్రహ్మాండం, నేనైతే ఇద్దరి మధ్యా అడ్డం పెట్టమని చెప్పేవాణ్ణి.

తమ్ముడూ, మీ మావయ్య కదులుతాడన్నావు కదా, కథకుడికి కండెన్సర్ కావాలి అనడానికి అసలు కారణం అదే. 58ని 2 అంగుళాల్లో పెడితే ఆయన ఇంకో 2 అంగుళాలు వెనక్కి జరగ్గానే గొంతు 6 డెసిబెల్స్ పడిపోతుంది, బేస్ కూడా పోతుంది. అదే మైకు 2 అడుగుల దూరంలో ఉంటే ఆ 2 అంగుళాలకి ఒక్క డెసిబెల్ కూడా తేడా రాదు. ఆయన మరీ నిలకడ లేని మనిషైతే సిరోంచ అన్న చెప్పిన అడుగు దూరాన్ని ఒకటిన్నర చెయ్యి, మనుషుల్ని కూడా ఆ మేరకి ఎడంగా జరుపు. దూరం పెరిగితే గది ఎక్కువ వినపడుతుంది, అందుకే బొంతల గురించి అంత చెప్పాను. అడుగులు వేసుకోవడానికి చెక్క పలక ఉంటుంది కాబట్టి ఆయనకి హద్దు కూడా తెలుస్తుంది.

కాబట్టి నా మాట: కథకుడికి ఏటీ2020, జముకుకి ఎస్‌ఎం57. రెండూ కొన్నాక కూడా 25లో స్టాండులకీ వైర్లకీ మిగలాలి, రేట్లు మారుతుంటాయి, కొనే రోజు చూసుకో. ఏటీ2035 ఎందుకు వద్దంటున్నానంటే దానికి ఎక్కువగా ఉండేవి 80 హెర్ట్జ్ దగ్గర బేస్ కోసే స్విచ్చీ, 10 డెసిబెల్స్ ప్యాడూ (శబ్దాన్ని తగ్గించే స్విచ్చు), ఆ తక్కువ హోరూ. బేస్ తర్వాత సాఫ్ట్‌వేర్‌లో కోసుకోవచ్చు. ప్యాడ్ నీకు అక్కర్లేదు, ఏటీ2020యే 144 డెసిబెల్స్ దాకా తట్టుకుంటుంది, అంత చప్పుడు చేసే మనిషి మీ బృందంలో లేడనుకుంటా. ఆ మిగిలే డబ్బు మంచి స్టాండులో పెట్టు.

యూఎస్‌బీ మైకు తీసుకోమని ఎవరైనా అంటే వినకు. ఒక్కటే అయితే బాగానే ఉంటుంది, రెండు యూఎస్‌బీ మైకులు ఒకే లాప్‌టాప్‌లో ఒకేసారి రికార్డు చేయించడం పెద్ద తలనొప్పి, రెండిటి గడియారాలూ వేరు.

ఆ గుయ్‌మనే మోత మైకుది కాదు. చార్జర్ తీసేసి బ్యాటరీ మీద నడిపి చూడు. పోతే చాలావరకు ఇంట్లో ఎర్తింగ్ గొడవే అన్నమాట, మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ఆ మోత అదే శ్రుతిలో ఉంటుంది. ఎలక్ట్రీషియన్‌ని పిలిచే దాకా బ్యాటరీ మీదే రికార్డు చెయ్. మైకు వైరుని కరెంటు వైరు పక్కన పరచకు, దాటాల్సి వస్తే అడ్డంగా దాటించు.

రికార్డింగ్ 24 బిట్, 48 కిలోహెర్ట్జ్‌లో పెట్టుకో. గట్టిగా పాడినప్పుడు మీటర్ మైనస్ 12 దగ్గర ఆగాలి. రిహార్సల్‌లో ఎవరూ పూర్తి గొంతుతో పాడరు, అసలు టైముకి ఉత్సాహం వచ్చి రెట్టింపు చేస్తారు, ఆ ఖాళీ అందుకే.


జయపురం_సౌండు:

సరే బరంపురం, ఆ దూరం లెక్క కాదనను. కానీ ఒకటి చెప్తాను, అది స్టూడియోలో ఏసీ ఆపేసి కూర్చునేవాళ్ళ లెక్క. గుణుపురంలో మేడ మీద గదిలో, మే నెలలో, ఫ్యాను ఆపి, కిటికీకి పరుపు కట్టి, ముగ్గుర్ని గంటసేపు పాడించు చూద్దాం. మావయ్య మొదటి కథలోనే చొక్కా విప్పి ఫ్యాను వెయ్యరా అంటాడు. అప్పుడు దగ్గరగా పెట్టిన 58యే దిక్కు. భజన వాళ్ళు మైకు అలవాటున్నవాళ్ళు, వాళ్ళకి 58 ఇస్తే అడక్కుండానే నోటికి దగ్గరగా పట్టుకుంటారు.


సిరోంచ_డప్పు:

జయపురం అన్నా, వేసవిలో మేం తెల్లవారుజామున 4కి మొదలుపెడతాం. ఎండ ఎక్కే లోపు అయిపోతుంది, బండ్లు కూడా ఉండవు. కోడి కూస్తుంది, కూయనీ.

తమ్మీ, భజన గురించి ఎవరూ చెప్పలేదు. వాళ్ళకి ఒక్క ఏటీ2020 చాలు, 57ని ఢోలక్ బేస్ వైపు దన్నుగా పెట్టుకో, నచ్చకపోతే మిక్సింగ్‌లో ఆపెయ్. గ్రామఫోను రికార్డుల రోజుల్లో బృందమంతా ఒకే మైకు చుట్టూ కూర్చునేవాళ్ళు, ఎవరు ఎంత వినపడాలో దూరమే తేల్చేది. హార్మోనియంతో పాడే ఆయన మైకుకి 2 అడుగుల్లో, ఢోలక్ 4, 5 అడుగుల్లో, కోరస్ ఆ వెనక. తాళాలు వేసేవాళ్ళు అందరి కంటే వెనక, గది మూలలో. మైకు ముందు తాళం పడిందంటే మిగతా పాటంతా దాని కిందే నలిగిపోతుంది, తర్వాత ఏ సాఫ్ట్‌వేరూ బాగుచేయలేదు. తాళాలాయన అలుగుతాడు, ఆయన ఊళ్ళో పెద్దమనిషే అయి ఉంటాడు సాధారణంగా. ఒక నిమిషం రికార్డు చేసి ఆయనకే హెడ్‌ఫోన్ పెట్టి వినిపించు, ఆయనే జరుగుతాడు.

హార్మోనియం విడిగా తీయాల్సి వస్తే మైకు పైనుంచి, ఒకటిన్నర అడుగు ఎత్తులో, తిత్తి కొట్టే చేతికి దూరంగా పెట్టు. మరీ దగ్గరైతే మెట్ల టకటకా, తిత్తి ఊపిరీ రాగం కంటే ముందు వినపడతాయి.

ఢోలక్‌కి రెండు వైపులా రెండు మైకులు పెట్టాలనిపిస్తే పెట్టు గానీ రెండూ కలిపి విన్నప్పుడు బేస్ మాయమైతే ఒకదాని ఫేజ్ (శబ్ద తరంగం దిశ) తిప్పు. సాఫ్ట్‌వేర్‌లో ఆ బటన్ ఉంటుంది, ఏ వైపు నొక్కితే బేస్ నిండుగా వస్తే అదే సరి.


రాయగడ_వింటాను:

నేను రికార్డింగ్ వాణ్ణి కాదు, కొనడం వరకే చెప్తాను. 57, 58లకి దొంగ సరుకు మార్కెట్లో బోలెడు, డబ్బా, స్టిక్కరు, సంచీ అన్నీ అచ్చం అలాగే ఉంటాయి. సగం ధరకి దొరికిందంటే అనుమానించాల్సిందే. వంటింటి కాటా మీద పెట్టి చూడండి, అసలు 58 బరువు 298 గ్రాములు, 57 అయితే 284. బాగా తేలికగా ఉంటే వెంటనే వాపసు చెయ్యండి. ఆథరైజ్డ్ డీలర్ బిల్లు తీసుకోండి, వైజాగ్ వెళ్ళి కొన్నా ఆన్‌లైన్‌లో కొన్నా.

ఇంకొకటి, వానాకాలం. వంశధార పక్కన మీకూ, నాగావళి పక్కన మాకూ తేమ ఒకటే. కండెన్సర్ మైకు తేమ పట్టిందంటే చిటపటలాడుతుంది. పని అవ్వగానే స్టాండు మీద వదిలెయ్యకుండా మూత బిగుతుగా ఉండే ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో పెట్టండి, బూట్ల డబ్బాల్లో వస్తాయి కదా, అవి.


గుణుపురం_కుర్రోడు:

చార్జర్ తీసేస్తే మోత పోయింది! ఇన్నాళ్ళూ ఇంటర్‌ఫేస్ పాడైందనుకుని అమ్మేద్దామనుకుంటున్నాను.

ఏటీ2020, 57 ఖాయం చేసుకున్నాను. భజన వాళ్ళది 58 ఒకటి మందిరంలోనే ఉందట, జయపురం అన్నయ్య చెప్పినట్టు అది కూడా అడిగి తెచ్చుకుంటాను. స్టాండు ఎలాంటిది తీసుకోవాలి? భజన వాళ్ళు కింద కూర్చుంటారు, కథ వాళ్ళు నిలబడతారు. టేబుల్ స్టాండు ఒకటి, పొడుగుది ఒకటి తీసుకుంటే సరిపోతుందా?


బరంపురం_మిక్సింగు:

టేబుల్ స్టాండు వద్దు. చెక్క పలక మీద అడుగు పడ్డప్పుడల్లా నేల నుంచి దెబ్బ నేరుగా మైకులోకి ఎక్కుతుంది. రెండూ బూమ్ చెయ్యి ఉన్న ట్రైపాడ్ స్టాండులే తీసుకో, పొట్టిగా దించితే కూర్చున్నవాళ్ళకీ పనికొస్తాయి. కాళ్ళ కింద పాత రబ్బరు చెప్పుల ముక్కలు పెట్టు, పలక కింద కూడా ఒక బొంత మడత వెయ్. బూమ్‌కి ఏటీ2020 వేసినప్పుడు ఒక కాలు మైకు ఉన్న వైపే ఉండేలా తిప్పు, లేకపోతే మావయ్య రెండో అడుగుకే స్టాండు పల్టీ కొడుతుంది. గొంతు మైకుకి పాప్ ఫిల్టర్ మర్చిపోకు, మైకుని నోటికి నేరుగా కాకుండా కొంచెం పక్కగా తిప్పినా ప, భ అన్నప్పుడు కొట్టే గాలి దెబ్బ తగ్గుతుంది.


జయపురం_సౌండు:

వైర్లు 3 మీటర్లవి కాదు, 5 మీటర్లవి తీసుకో. లాప్‌టాప్ ఫ్యాను చప్పుడు కూడా ఉంటుంది, లాప్‌టాప్‌ని గది బయట పెట్టి వైర్లు తలుపు సందులోంచి లాగు. తెల్లవారుజామున 4కి మావయ్యని లేపే పూచీ మాత్రం నీదే.